గెడ్డ పక్క అర ఎకరం తుప్పలు కొట్టించాలా? కాశీనగర్ తమ్ముడికి జవాబు

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఆరెకరాలున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. "రెండున్నర ఎకరాల పల్లంలో వరి. రెండెకరాల గరువులో (మెట్ట నేలలో) ఒక ఏడు పత్తి, ఒక ఏడు మొక్కజొన్న. కొండ అంచున ఎకరం పాత జీడితోట. మిగిలిన అర ఎకరం గెడ్డ (కొండవాగు) పక్కన తుప్పలు, నాలుగు తాటిచెట్లు. జేసీబీ పెట్టి చదును చేయిస్తే భూమి కలిసొస్తుందని ఊళ్లో అందరూ అంటున్నారు. ఒక సంస్థ నుంచి వచ్చినాయన మాత్రం ముట్టుకోవద్దు, జంతువులకి అదే ఆశ్రయం అంటున్నాడు. నాకూ పక్షులు, జంతువులు అంటే ఇష్టమే, కానీ అప్పు తీరాలి కదా. అడవిపందులు మొక్కజొన్న ఉంచడం లేదు. పోయిన ఏడు ఏనుగులు కూడా దిగాయి. లాభం, జంతువులు రెండూ కుదిరే పనేనా? పోనీ గరువంతా నీలగిరి వేసేస్తే గొడవ వదులుతుందా?"

కుదురుతుంది తమ్ముడూ. నేను గుణుపూర్ వైపు వ్యవసాయ శాఖలో ఊరూరా తిరిగి పనిచేసి, ఇప్పుడు సొంత సేద్యం చూసుకుంటున్నాను. ఈ లోయలో నేను చూసిందాన్ని బట్టి చెబుతున్నా: జంతువుల వల్ల నీ జేబులోకి డబ్బు వచ్చి పడదు. నష్టం తెచ్చే చెక్కలో సేద్యం మానేస్తే, అక్కర్లేని మందు కొట్టకపోతే, ఏ పంట ఎక్కడ వేయాలో సరిగ్గా చూసుకుంటే డబ్బు మిగులుతుంది. ఆ మానేసిన చెక్కలోనే జంతువులకి చోటు దొరుకుతుంది.

ముందు ఆ అర ఎకరం లెక్క తేల్చుకుందాం. చదును చేయించావనుకో. గెడ్డ ఒడ్డు కాబట్టి పైమట్టి లేచిపోయి ఇసుక, గులకరాళ్లు పైకి తేలతాయి. ఎంత పెంట తోలినా మొదటి రెండు మూడేళ్లు పల్లంలో పండినట్టు పండదు. ఉదారంగా ఆరు క్వింటాళ్ల ధాన్యం వేసుకుందాం. 2024-25లో కేంద్రం మద్దతు ధర 2,300 రూపాయలు, దానిమీద ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన 800 కలిపి క్వింటాలుకి 3,100. అంటే మొత్తం 18,600. దుక్కి, నారు, ఊడ్పు, ఎరువు, కోత, నూర్పు, మండీకి బండి బాడుగ అన్నీ కలిపితే పన్నెండు పదమూడు వేలకి తగ్గవు. మంచి ఏడు అయిదారు వేలు మిగులుతాయి. జేసీబీ రెండు రోజులు తిరిగితే ఎంత బిల్లు అవుతుందో నీకే తెలుసు. అది రాబట్టుకోవడానికే నాలుగేళ్లు పడుతుంది, ఈలోగా గెడ్డ ఒక్కసారి కూడా పొంగకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార, మహేంద్రతనయ ఎలా వచ్చాయో నువ్వు చిన్నవాడివైనా చూసే ఉంటావు. వెదురు, కానుగ, నేరేడు వేళ్లు పట్టి ఉన్నచోట ఒడ్డు నిలిచింది. అంచుదాకా దున్ని వరి వేసినచోట మడులకి మడులు కోసుకుపోయాయి. కాబట్టి ఆ అర ఎకరం పొలం చేయొద్దు. ఇది జంతువుల మీద దయతో చెప్పే మాట కాదు, దాని పక్కనున్న పొలం నిలబడాలని చెబుతున్నా.

ఆ 800 గురించి మధ్యలో ఒక మాట. రైతుకి నాలుగు డబ్బులు ఎక్కువ రావడం మంచిదే, నేనూ తీసుకున్నాను. కానీ ఆ ధర చూసి చోడి (రాగి), కంది వేసుకునే గరువుల్లో కూడా వరి దింపేస్తున్నారు. వాన పది రోజులు ఆలస్యమైతే ఆ వరి పొట్ట దశలోనే మాడుతుంది. అదే ఏడాది చోడికి మద్దతు ధర 4,290. ఒడిశాలో మిల్లెట్ మిషన్ 2017లో మొదలైన దగ్గర్నుంచి చోడి కొనే దారి కూడా ఏర్పడింది. గరువు నేలకి ఏది నిలుస్తుందో నేలని చూసి నిర్ణయించుకో. బోర్డు మీద ధర ఒక్కటే చూసి కాదు.

ఇక సంస్థ ఆయన చెప్పింది సగమే నిజం. తుప్పలన్నీ ఒకటి కావు. నీ గెడ్డ పక్కన ఉన్నదాంట్లో ఎక్కువ భాగం లాంటానా అయి ఉంటుందని నా అనుమానం. రంగురంగుల చిన్న పూలగుత్తులు, ఆకు నలిపితే ఘాటు వాసన, గీసుకునే కొమ్మలు ఉంటే అదే. అది మన నేల మొక్క కాదు. దాని కింద గడ్డి మొలవదు, పశువు మేయదు, మంచి మొక్క లేవదు. పగలంతా చల్లగా పడుకుని, చీకటి పడగానే నీ మొక్కజొన్నలోకి దూరడానికి అడవిపందికి మాత్రం దాన్ని మించిన చోటు లేదు. "ముట్టుకోవద్దు" అన్న మాట విని లాంటానాని కూడా కాపాడితే పందుల మందని నువ్వే పెంచుకున్నట్టు. అలాగని జేసీబీతో అంతా ఊడ్చేస్తే నేల కదిలి, రెండు వానలకి మళ్లీ అదే లాంటానా ఇంకా ఒత్తుగా లేస్తుంది.

చేయాల్సింది చేత్తో పని. నాలుగు చినుకులు పడి నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే మొదలుపెట్టాలి. పైన కత్తితో కొడితే ఒక్కో మోడుకి నాలుగు చిగుళ్లు వస్తాయి. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలమట్టానికి రెండు మూడు అంగుళాల కింద వేరుని గునపంతోనో గొడ్డలితోనో నరికి, పొదని తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. వేరు మట్టికి తగలకూడదు. ఎండినది పొయ్యిలోకి పనికొస్తుంది. తర్వాత రెండు మూడేళ్లు, ముఖ్యంగా పిట్టలు వాలే చెట్ల కింద, మొలిచిన పిల్లమొక్కల్ని వానాకాలంలో పీకుతూ ఉండాలి. ఆ కాయలు తిని విత్తనం పడేసేవి పిగిలిపిట్టల్లాంటివే. ఒక్కసారే అంతా తీయకు, ఏడాదికి మూడో వంతు చాలు. మిగతా తుప్పల్లో గూళ్లు పెట్టేవి ఉంటాయి, వాటికి వేరే చోటు పెరిగేదాకా గడువు ఇవ్వాలి.

ఖాళీ అయిన చోట గెడ్డ గట్టు పొడుగునా ఏడెనిమిది మీటర్ల వెడల్పున రేగు, వాక్కాయ, కానుగ, నేరేడు, ఉసిరి పెట్టుకో. ఇప్పటికే మొలిచి ఉన్నవాటిని బతికిస్తే కొనాల్సిన పనే ఉండదు. వెదురు కావాలంటే నీటి అంచున రెండు మూడు పొదలు చాలు. ఏనుగులకి అది ప్రాణం కాబట్టి ఇంటివైపు వద్దు. ఆ నాలుగు తాటిచెట్లనీ ఎట్టి పరిస్థితుల్లో కొట్టకు, ఎందుకో వరి దగ్గర చెబుతా. ఈ చెట్ల వరసకీ నీ పంటకీ మధ్య నాలుగైదు మీటర్లు పశువుల గడ్డికి వదిలెయ్. ఇదే అసలు కిటుకు. పందికి పొద నుంచి నేరుగా పంటలోకి దూరడం ఇష్టం, బయలు దాటడం ఇష్టముండదు. ఆ గడ్డి పట్టీ పొట్టిగా కోసి ఉంచితే నీ ఆవులకి మేత, పందికి భయం.

పందుల గురించి అడిగావు కాబట్టి అది కూడా పూర్తిగా చెప్పేస్తా. మొక్కజొన్న కొండవైపు వేయడం మానుకో. కొండవైపు ఎకరంలో పత్తి, మిరప, పసుపు, నువ్వులు లాంటివి వెయ్యి, వాటిని పంది పెద్దగా ముట్టదు. మొక్కజొన్న వేయాలనుకుంటే రోడ్డువైపు ఎకరంలో వేసి, చుట్టూ నాలుగు వరసలు ఆముదం దగ్గర దగ్గరగా పెట్టు. ఆముదం వాసనకి మొక్కజొన్న వాసన తెలియదు, ఆముదం అది తినదు, పైగా గింజలు నీకు డబ్బు. ఆముదం మొక్కజొన్నతో పాటే వేస్తే పొత్తు పాలుపోసుకునే వేళకి ఎత్తు చాలదు, పదిహేను రోజుల ముందే వేసుకోవాలి. దాని బయట రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసుకుంటే ఇంకా గట్టి. జుట్టు చల్లడం, పాత చీరలు కట్టడం వారం పది రోజులు పనిచేస్తాయి, తర్వాత పందికి అలవాటైపోతుంది. వాటిని పొత్తు గట్టిపడే ఆఖరి రెండు వారాలకి దాచుకో, మొదటి రోజు నుంచి కట్టి వృథా చేయకు.

కరెంటు తీగ మాట మాత్రం ఎత్తకు. సోలార్ ఫెన్సింగ్ వేరు. అది బ్యాటరీతో ఆగి ఆగి చిన్న షాక్ కొడుతుంది, చంపదు. లైను నుంచి కొక్కెం వేసి తీగ లాగడం మాత్రం హత్యతో సమానం. పంది కంటే ముందు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషి పోతాడు. 2023 మేలో నీకు ఏటికి అవతల, భామిని మండలం కాట్రగడలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. అక్కడ కావాలని ఎవరూ పెట్టింది కాకపోయినా, పొలాల్లో కరెంటు ఎంత చేటో ఆ ఒక్క రాత్రి చాలు. ఉచ్చులూ, పిండిలో పెట్టే నాటుబాంబులూ అంతే. పందికని పెట్టిన ఉచ్చులో ఎలుగు పడితే, కేసు సంగతి తర్వాత, దాన్ని విడిపించడానికి వెళ్లేవాడి గతేంటో ఆలోచించు.

ఇప్పుడు వరి. నీ ఆరెకరాల్లో అసలు డబ్బు మిగిల్చేది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతా.

మనవాళ్లు ఊడ్చిన ఇరవై రోజులకే దుకాణానికి వెళ్తారు. ఆకు కాస్త చుట్టుకున్నా, తెల్లగా గీరినట్టు ఉన్నా ఒక డబ్బా కొట్టేస్తారు. ఆ వయసులో వరి ఆ మాత్రం దెబ్బని కొత్త ఆకులు వేసి పూడ్చుకుంటుంది. కానీ ఆ డబ్బాకి మొదట చచ్చేవి సాలీళ్లు, మిరిడ్ నల్లులు (దోమని తినే చిన్న మిత్రపురుగులు), తూనీగలు. వరి రసం పీల్చే సుడిదోమని తినేవాళ్లని ముందే చంపేసి, సెప్టెంబరులో దోమ పట్టిందని మళ్లీ రెండు డబ్బాలు కొడతారు. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలో సుడిదోమ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది, ఇది పాత పరిశోధనల్లో తేలిన విషయమే. ఊడ్చిన మొదటి నెలలో, నారుమడిలోంచే రోగం వస్తే తప్ప, పురుగుమందు ముట్టుకోకు. ఒక్క ఈ పనితోనే ఎకరానికి ఒకటి రెండు స్ప్రేల ఖర్చు, కూలి మిగులుతాయి. మీ ఇంట్లో పోయిన ఏడు మందు బిల్లు చీటీలు ఉంటే తీసి కూడి చూడు.

మరి దోమ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పొద్దున్నే మంచు ఆరాక చేలోకి దిగు. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలీదు, మధ్యకి వెళ్లాలి. ఒక దుబ్బు పట్టుకుని వంచి, మొదట్లో అరచేత్తో రెండు దెబ్బలు కొట్టు. దోమలుంటే గోధుమరంగు గింజల్లా నీటిమీద రాలి గుండ్రంగా తిరుగుతాయి. ఒక్క క్షణం అలాగే చూస్తే, పొడుగుకాళ్ల సాలీడు నీటిమీద పరుగెత్తుకొచ్చి ఒకదాన్ని పట్టుకుపోవడం కనిపిస్తుంది. అలా పది పదిహేను చోట్ల చూడు. పిలక దశలో దుబ్బుకి పది పదిహేను దోమలకి తక్కువుండి, సాలీళ్లు కూడా బాగా కనిపిస్తుంటే మందు వద్దు. నీరు తీసేసి చేను రెండు రోజులు ఆరగట్టు. అంతకంటే మించితే అప్పుడు మందు, అదీ దుబ్బు మొదళ్లకి తగిలేలా. ఊడ్చేటప్పుడే ప్రతి రెండు మీటర్లకి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడి దోమ సగం అక్కడే తగ్గుతుంది. ఊడ్పు కూలీలు ఈ బాట వదలడానికి ఒప్పుకోరు, తాడు పట్టుకుని నువ్వే నిలబడాలి.

గట్ల మీద కంది మన పాత అలవాటే, ఈమధ్య గట్లు కూడా గడ్డిమందు కొట్టి బోడి చేస్తున్నారు. కందితో పాటు అక్కడక్కడ నువ్వులు, బంతి వేసుకో. పురుగు గుడ్లలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలకి, మిరిడ్ నల్లులకి ఆ పూల తేనే తిండి. నీకు ఇంటికి సరిపడా కందిపప్పు వస్తుంది. గట్టుని మరీ వెడల్పుగా ఉంచకు, వెడల్పు గట్టు ఎలుకకి ఇల్లు.

ఎలుక దగ్గరికొచ్చాం కాబట్టి తాటిచెట్ల సంగతి. పాత తాటిచెట్టు మట్టల మధ్య, తొర్రల్లో తెల్ల గుడ్లగూబ చేరుతుంది. మనవాళ్లు చావుపిట్ట అని పేరుపెట్టి రాళ్లు వేసి తరుముతారు. ఆ చెట్టు కింద ఒకసారి వెతుకు. బొటనవేలంత బూడిదరంగు ఉండలు ఎండిపోయి పడి ఉంటాయి. చేత్తో విడదీస్తే వెంట్రుకల మధ్య ఎలుక పుర్రెలు, దవడ ఎముకలు, పసుపు పళ్లు బయటపడతాయి. ఒక్కో ఉండలో రెండు మూడు పుర్రెలు దొరకడం మామూలే. ఏ నూకల మందూ చేయని పని అది. గుడ్లగూబకి తోడు జెర్రిపోతు, ముంగిస, అడవిపిల్లి, నక్క. ఇవన్నీ ఉండేది నువ్వు వదిలేసిన ఆ గెడ్డ పట్టీలోనే. జెర్రిపోతుని నాగుపాము అనుకుని కొట్టేవాళ్లని నువ్వే ఆపాలి.

ఎలుకలకి మందు పెట్టాల్సి వస్తే ఒక్కడివే పెట్టకు, పక్క చేలవాళ్లతో కలిసి ఒకేసారి, పొట్ట దశకి ముందే పెట్టాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లోపల పెట్టాలి, గట్టుమీద చల్లకూడదు. చచ్చిన ఎలుకల్ని పాతిపెట్టాలి. లేకపోతే వాటిని తిని గుడ్లగూబ చస్తుంది, పై ఏడాది ఎలుకలు రెట్టింపవుతాయి. ఇంకోటి, చేలో టీ ఆకారంలో కర్రలు ఎకరానికి పది పాతితే పసులపోలిగాడు, పాలపిట్ట వాలి పురుగు ఏరుకుంటాయి. పాలపిట్ట ఒడిశా రాష్ట్రపక్షి అని మనలో చాలామందికి తెలీదు. గింజ పాలుపోసుకోగానే ఆ కర్రలు పీకెయ్, అప్పుడు వాలేవి పిచ్చుకలు, చిలకలు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఊరు విన్నావుగా, గంజాం సరిహద్దుకి ఆనుకునే ఉంటుంది. వానాకాలం మొదట్లో అక్కడి చింతచెట్ల మీద నత్తగుల్ల కొంగలు వందలుగా గూళ్లు పెడతాయి. పేపర్లవాళ్లు సైబీరియా పక్షులని రాస్తుంటారు గానీ అవి మన ఉపఖండానివే. అవి పొలాల్లో నత్తల్ని ఏరి తింటాయి. ఊళ్లో ఎవరూ వాటిని ముట్టుకోరు, అవి వస్తే వానలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. గంజాంలో భేట్నయి, బలిపదర్ వైపు కృష్ణజింకలు కూడా అడవిలో కాదు, రైతుల పొలాల మధ్యే తిరుగుతాయి. జింక చేలో అడుగుపెడితే పంట బాగా వస్తుందని ఆ ఊళ్లవాళ్లు తరాలుగా నమ్ముతూ వచ్చారు, కొంత పంట పోతే పోనీ అనుకున్నారు. ఈ రెండూ మెచ్చుకోదగ్గవే, కానీ నీకు సరిగ్గా సరిపోవు. జింక తినేది తక్కువ, మనిషిని చంపదు. ఏనుగుకి ఆ మాట చెల్లదు. అలాంటి ఊరు పేరు చెప్పి నిన్ను మెత్తగా ఒప్పించాలని చూసేవాళ్లుంటే జాగ్రత్త. టూరిస్టులొస్తారు, గదులు కట్టు అనేవాళ్ల మాట కూడా వినకు. కాశీనగర్‌కి ఎవరూ పక్షులు చూడటానికి రారు.

ఏనుగుల విషయంలో నేను నిజం దాచను. ఆరెకరాల రైతు ఏనుగుని ఆపలేడు. అవి లఖారి కొండల నుంచి దిగి, ఇటు మన గజపతి, అటు పార్వతీపురం మన్యం జిల్లాల మధ్య తిరుగుతుంటాయి. వాటికి రాష్ట్ర సరిహద్దు తెలీదు, అటవీశాఖలకి మాత్రం బాగా తెలుసు. అందుకే రెండువైపులా ఏనుగుల కదలిక చెప్పే వాట్సాప్ గ్రూపులుంటే రెండింట్లోనూ చేరు. భామిని వైపు గుంపు ఏరు దాటిందన్న మెసేజ్ నీకు సాయంత్రమే చేరితే, ఆ రాత్రి నువ్వు మంచె మీద ఉండవు. నువ్వు చేయగలిగినవి రెండే. కోసిన ధాన్యం కళ్లంలోనో మట్టిగోడల గదిలోనో పెట్టకు, వాసనకి గోడ పగలగొట్టి మరీ తింటుంది. వీలైతే వెంటనే అమ్మెయ్, లేదా ఊరి మధ్య పక్కా ఇంట్లో దాచు. రెండోది, అరటి, చెరకు, పనస ఇంటి పక్కన పెట్టకు. సారా కాచే ఇళ్లు, ఇప్పపువ్వు ఎండబెట్టే ఇళ్లు వాటికి మరీ ఇష్టం. టపాకాయలు కాల్చి, కాగడాలు పట్టుకుని కుర్రాళ్లు వెంటపడటం అన్నిటికంటే ప్రమాదం. బెదిరిన గుంపు పక్క ఊరి మీద పడుతుంది.

ఏనుగుల వల్ల పంట పోతే పరిహారానికి అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. పొద్దున్నే, దున్నకముందే ఫొటోలు తియ్యి. అడుగుజాడ పక్కన చెప్పు పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. నీ పట్టా ఒడిశాలో ఉండి, కౌలుకి చేసే చెక్క ఏటికవతల ఆంధ్రాలో ఉంటే అర్జీలు వేరువేరుగా పెట్టుకోవాలి, ఒకచోట ఇచ్చి రెండోచోట ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఫసల్ బీమా అనే కేంద్ర పంటల బీమా పథకంలో కూడా 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టాన్ని కలుపుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. రాష్ట్రం ఏ జంతువులని, ఏ ప్రాంతాలని నోటిఫై చేస్తే అక్కడికే వర్తిస్తుంది, యాప్‌లో 72 గంటల్లోపు లొకేషన్‌తో ఫొటోలు పెట్టాలి. మన బ్లాకు ఆ జాబితాలో ఉందో లేదో వ్యవసాయ ఆఫీసులో అడిగి, ఉంటే మాత్రం బీమా వదలకు. వరి నీట మునిగితే వచ్చే క్లెయిము కూడా మళ్లీ కలిపారు, గెడ్డ పక్క వాడివి కాబట్టి అది నీకు ఇంకా ముఖ్యం.

జీడితోటకి టెన్షన్ ఎలుగుబంటి. మార్చి నుంచి మే దాకా జీడిపండు రాలి కుళ్లే వాసన దానికి కొండ మీదికి తెలుస్తుంది. మనవాళ్లు గింజ తిప్పి తీసుకుని పండ్లని చెట్టుకిందే కుప్పగా పోస్తారు, అదే దానికి విందు. గింజ తీసిన పండ్లని రోజూ సాయంత్రంలోగా తట్టలకెత్తి పశువులకి వెయ్యి, లేదా దూరంగా గోతిలో పెంటతో కలిపి పూడ్చు. ఎండ వచ్చాకే తోటలోకి వెళ్లాలి, ఒంటరిగా వద్దు, మాట్లాడుకుంటూ వెళ్లాలి. చీకట్లో గింజ దొంగల్ని పట్టుకుంటానని వెళ్లి ఎలుగు ముందు పడినవాళ్లు ఉన్నారు. పాత తోటలో చచ్చిన కొమ్మలు కొట్టి వెలుతురు రానిస్తే కాపూ పెరుగుతుంది, ఎలుగు ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది. పూత సమయంలో తేయదోమకి (చిగురు, పూత రసం పీల్చే పురుగుకి) మందు కొట్టాల్సివస్తే సాయంత్రం కొట్టు. పొద్దున పూట తేనెటీగలూ ఈగలూ పూలమీద ఉంటాయి, జీడికి గింజ కట్టించేది అవే. గెడ్డ పట్టీలో కానుగ, నేరేడు పూస్తే ఆ తేనెటీగలకి మిగతా నెలలు గడుస్తాయి. రెండు మూడు పెరటి తేనెపెట్టెలు పెట్టుకోవచ్చు, ఇంటికి తేనె, బంధువులకి నాలుగు సీసాలు. అదేదో పెద్ద ఆదాయం అనుకుని పదిహేను పెట్టెలు కొనకు.

"జంతువులకి మేలు చేసే పంట" అని ఎక్కువ ధర వస్తుందా అని నువ్వు అడగలేదు గానీ, ఎవరో ఒకరు నీకు చెబుతారు. పేరు పడిన సరుకుకి వస్తుంది. కంధమాల్ పసుపుకి 2019లో జీఐ (ఆ ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది, దాని వెనక ఎన్నో ఏళ్లుగా వేలమంది పండించిన పేరుంది. నీ ఒక్కడి పసుపుకి ఆ ధర రాదు. కనీసం అయిదుగురు రైతులు కలిస్తే పీజీఎస్ పద్ధతిలో (రైతులు ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) సేంద్రియ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, ఫీజు భారం పెద్దగా ఉండదు. కానీ పత్తీ, వరీ మందులతో చేసే నీలాంటివాడు మొదటి ఏడే అందులోకి దూకితే దిగుబడి పడిపోయి అప్పు పెరుగుతుంది. చోడి, కంది చెక్కతో మొదలుపెట్టి చూసుకో, వరి జోలికి ఇప్పుడే పోకు.

నీటికుంట తవ్వించే పథకం వస్తే తీసుకో, కానీ ప్లాస్టిక్ షీటు వేసి నిలువుగా తవ్వించకు. దాహానికొచ్చిన నక్క, ముంగిస, ఒక్కోసారి దూడ కూడా జారి పడితే పైకి రాలేవు. ఒక మూల వాలుగా, రాళ్లు పేర్చి ఉంచాలి. షీటు వేయక తప్పకపోతే గోనెసంచులు కుట్టిన తాడు ఒకటి అంచు నుంచి నీళ్లలోకి వేలాడదీస్తే చాలు.

ఆఖరికి నీలగిరి. రాయగడ దగ్గర జేకేపూర్ పేపర్ మిల్లు ఉంది కాబట్టి కొనేవాడు ఉన్నాడు, నాలుగైదేళ్లకి కోత వస్తుంది, కాపలా అక్కర్లేదు, పంది తినదు. ఊళ్లో ఉండని వాళ్లకి, పొలం చూసేవాళ్లు లేనివాళ్లకి అది మంచి పంటే, దాన్ని తిట్టే పని లేదు. నువ్వు ఊళ్లోనే ఉండి చేసుకునేవాడివి, పైగా ఏడాదేడాది వడ్డీ కట్టాలి. నాలుగేళ్లు చేతికి రూపాయి రాకుండా రెండెకరాలూ కట్టేసుకుంటే ఇల్లు ఎలా గడుస్తుంది? కావాలంటే కొండవైపు రాళ్లు తేలిన అర ఎకరం వరకు వేసుకో. గెడ్డకి దగ్గరగా మాత్రం ఒక్క వరస కూడా పెట్టకు, ఎండాకాలం నీ పల్లానికి ఊరే నీటిని అదే తాగేస్తుంది. మిగిలిన ఎకరంన్నరలో కొండవైపు పత్తి గానీ నువ్వులు గానీ, రోడ్డువైపు ఆముదం కట్టిన మొక్కజొన్న. ఈ వానాకాలానికి పని ఒకటే పెట్టుకో, గెడ్డ దగ్గర మూడో వంతు లాంటానా తీసెయ్. తీసే ముందు ఫొటోలు పెడితే, ఏది ఉంచాలో ఏది తీయాలో చూసి చెబుతా.